ఇంటర్వెల్ కబుర్లు: ఏర్పేడుకు స్కైలైన్ వస్తుందా?

సినిమా చూసి బయటికొచ్చాక కొందరికి హీరో గుర్తుంటాడు. కొందరికి హీరోయిన్ గుర్తుంటుంది. ఏర్పేడులో ఉన్న మన పాఠక సోదరుడొకడికి మాత్రం కారు గుర్తుండిపోయింది!

పేరు రాయను. రాయొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు. గతవారం అతను పంపిన కబురు మాత్రం ఉన్నదున్నట్టు చదవండి:

"అన్నా, '2 ఫాస్ట్ 2 ఫ్యూరియస్'లో హీరో నడిపే వెండిరంగు స్కైలైన్ ఉండాదే, అది నాకు కావల్ల. చిన్నప్పట్నుంచీ పిచ్చి. జపాన్ నుంచి పాతది తెప్పించిస్తానని ఒకాయన చెప్పినాడు. పన్నెండు లక్షలకి మా ఇంటి ముందర నిలబెడతాడంట. అడ్వాన్సు మూడు లక్షలు. శుక్రవారం ఇయ్యల్ల. మా బావ డల్లాస్‌లో ఉండాడు. వాళ్ళ జతగాడు ఇట్లాంటిదే జపాన్ నుంచి తెప్పించుకున్నాడంట. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు? నువ్వు సినిమా కార్ల గురించి రాస్తావు కదా. ఇయ్యొచ్చా, వొద్దా చెప్పన్నా."

శుక్రవారానికి రెండే రోజులుంది. ఉత్తరంలో తేలే వ్యవహారం కాదనిపించి, తిరుపతిలో బస్సెక్కి ఏర్పేడులో దిగాను.

రేణిగుంట దాటి శ్రీకాళహస్తి వైపు పోతుంటే ఏర్పేడు మీకు తగిలే ఉంటుంది. ఒకప్పుడు ఏర్పేడు అంటే 1926లో మలయాళస్వామి స్థాపించిన వ్యాసాశ్రమం. ఇప్పుడు దానికి తోడు ఐ.ఐ.టి., ఐసర్ కూడా వచ్చాయి. రోడ్డు మీద కార్లకేం కొదవలేదు. కానీ స్కైలైన్...?

కుర్రాడి నాయనకు రోడ్డు పక్కనే పంక్చర్ల అంగడి. "రా సామీ, కూచో" అని స్టూలు వేశాడు. కొడుకు బి.టెక్. చదివి ఉద్యోగంలో చేరి రెండేళ్ళయింది. ఆ మూడు లక్షలు మాత్రం జీతంలో మిగిలినవి కావు. వాళ్ళమ్మ ఎత్తిన చీటీ డబ్బు! చెల్లెలి పెళ్ళికని కట్టిన చీటీ. "ఆర్నెల్లలో సర్దేస్తానమ్మా" అని కొడుకు మాటిచ్చాడట. ఆ తల్లి కాదనలేక ఊరుకుంది.

అదన్నమాట సంగతి! ఇక కారు మోజు కబుర్లు చెప్పి కాలక్షేపం చేసే సందర్భం కాదిది. టీ తాగుతూ ఆ కుర్రాడికి ఏం చెప్పానో, అదే మీకూ చెబుతాను. ఎందుకంటే ఇలాంటి మోజు మీలో చాలామందికి ఉందని మీ ఉత్తరాలే చెబుతున్నాయి.

ముందుగా ఆ కారు జాతకం. అది నిస్సాన్ స్కైలైన్ జి.టి.ఆర్. కంపెనీ లెక్కలో ఆర్34. 1999 జనవరి నుంచి 2002 దాకా తయారైంది. 2.6 లీటర్ల ఇంజను, ఆరు సిలిండర్లు, రెండు టర్బోలు. అప్పట్లో జపాన్ కంపెనీలు తమలో తాము ఒక పెద్దమనుషుల ఒప్పందం చేసుకున్నాయి. ఎంత బలమైన కారు చేసినా కాగితం మీద 280 హార్స్ పవర్ దాటి చెప్పుకోకూడదని! 2004 దాకా ఆ ఒప్పందం నడిచింది. లోపలి బలం మాత్రం అంతకంటే ఎక్కువేనని కుర్రకారుకు తెలుసు. ఆ గుట్టే దాని ఆకర్షణ.

తర్వాత 2001లో 'ది ఫాస్ట్ అండ్ ది ఫ్యూరియస్' వచ్చింది. నారింజరంగు టొయోటా సుప్రా ప్రపంచమంతా స్టారైంది. 2003లో రెండో భాగంతో స్కైలైన్ వంతు వచ్చింది. మన హీరోలకు అభిమాన సంఘాలున్నట్టే ఈ కార్లకూ దేశదేశాల్లో అభిమానులు పుట్టుకొచ్చారు. నాలుగో భాగంలో హీరో పాల్ వాకర్ నడిపిన నీలం ఆర్34ను 2023లో వేలం వేస్తే 13 లక్షల డాలర్లు దాటి పలికింది. మన డబ్బులో పదకొండు కోట్ల పైమాట!

సినిమాకెక్కని మామూలు ఆర్34 జి.టి.ఆర్. మంచిది కావాలన్నా ఇవాళ జపాన్‌లోనే కోటి రూపాయల మాట. మరి ఏర్పేడు ఇంటిముందుకు పన్నెండు లక్షలకు ఎలా వస్తుంది తమ్ముడూ? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం కథ అక్కడే తేలిపోతుంది.

"అది కాకపోతే వేరేదన్నా! జపాన్‌లో పాతకార్లు చౌక అంటారే?" అన్నాడు కుర్రాడు.

నిజమే, చౌకే. అక్కడ కొత్త కారుకు మూడేళ్ళు నిండగానే, తర్వాత రెండేళ్ళకోసారి 'షాకెన్' అనే తనిఖీ చేయించాలి. అది ఖర్చుతో కూడిన పని. దాంతో చాలామంది కారు మార్చేస్తారు. ఆ పాత కార్లు వేలం కేంద్రాలకు చేరతాయి. ప్రతి కారుకూ ఒక చీటీ ఉంటుంది. ఎక్కడ గీత పడింది, ఎక్కడ సొట్ట ఉంది, ఏ భాగం మార్చారు... అన్నీ బొమ్మ గీసి గుర్తు పెడతారు. మార్కులు కూడా వేస్తారు. ప్రమాదంలో దెబ్బతిని బాగుచేసిన కారుకు 'ఆర్' అని వేస్తారు. మన ఏజెంట్లు చూపించే తళతళలాడే ఫోటోల కన్నా ఆ ఒక్క చీటీ విలువ ఎక్కువ. కొన్నాక ఓడెక్కిస్తే పాకిస్తాన్, బంగ్లాదేశ్, కెన్యా, న్యూజిలాండ్... ఎక్కడెక్కడికో వెళ్ళిపోతాయి.

ఆ జాబితాలో మన దేశం పేరు కనిపించదు. ఎందుకని?

ఇక్కడ కాస్త వెనక్కి పోదాం. లైసెన్సుల కాలంలో మనకు అంబాసిడర్, ఫియట్, స్టాండర్డ్... అంతే ప్రపంచం. విదేశీ కారంటే తెరమీద విలన్ దిగడానికీ, బయట పెద్ద స్టార్ దిగడానికీ! రాయబార కార్యాలయాల వాళ్ళు వాడి వదిలేసిన కార్లను ప్రభుత్వ సంస్థ ఎస్.టి.సి. అమ్మకానికి పెడితే డబ్బున్నవాళ్ళు పోటీలు పడేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. జపాన్ సుజుకీ వారి కారే అది. మన మధ్యతరగతి మొదటిసారి జపాన్ కారు ఎక్కింది అప్పుడే. అయితే స్వదేశీ కర్మాగారాలను కాపాడుకోవాలనే పట్టుదల, ప్రపంచం వాడి పారేసిన బండ్లకు మన దేశం చెత్తకుప్ప కాకూడదనే జాగ్రత్త ప్రభుత్వానికి అప్పుడూ ఉన్నాయి, ఇప్పుడూ ఉన్నాయి. అందుకే పాతకారు దిగుమతికి ఇన్ని షరతులు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకోండి.

ఒకటి: కారు తయారై మూడేళ్ళు దాటకూడదు.

రెండు: స్టీరింగు కుడివైపు ఉండాలి, స్పీడోమీటరు కిలోమీటర్లలో చూపాలి. జపాన్ వాళ్ళూ మనలాగే రోడ్డుకు ఎడమవైపు నడుపుతారు గనుక ఈ పరీక్షలో జపాన్ కారు సునాయాసంగా పాసవుతుంది.

మూడు: ఇంకా కనీసం ఐదేళ్ళు రోడ్డు మీద తిరగగలదని, సర్వీసు సదుపాయం ఉంటుందని హామీ ఉండాలి.

నాలుగు: ఓడెక్కక ముందే అక్కడ తనిఖీ పత్రం పుట్టాలి. దిగాక పుణెలోని ఏ.ఆర్.ఏ.ఐ. వంటి సంస్థ పరీక్షించి, మన మోటారు వాహన నిబంధనలకు సరిపోతుందని చెప్పాలి.

ఐదు: దిగేది ముంబాయి రేవులోనే. మనకు దగ్గరగా మద్రాసు ఉంది, కృష్ణపట్నం ఉంది. అయినా పాతకారు ముంబాయి చుట్టు తిరిగే రావాలి. తమాషా చూడండి, మద్రాసు పక్కన తయారైన నిస్సాన్ కార్లు 2010 నుంచి ఎన్నూరు రేవులో ఓడలెక్కి విదేశాలకు పోతున్నాయి!

ఆ మొదటి షరతు దగ్గరే మన తమ్ముడి స్కైలైన్ ఆగిపోయింది. ఆఖరు ఆర్34 తయారైంది 2002లో. మూడేళ్ళ గడువు 2005తోనే చెల్లిపోయింది.

"మరి డల్లాస్‌లో ఎట్లా వచ్చిందన్నా?"

అసలు తిరకాసు అక్కడే ఉంది! అమెరికా వాళ్ళు 1988లో ఒక చట్టం చేశారు. వాళ్ళ భద్రతా ప్రమాణాల ప్రకారం తయారుకాని కారును మామూలుగా రానివ్వరు. కానీ 25 ఏళ్ళు నిండితే ఆ ప్రమాణాల మినహాయింపు దొరుకుతుంది. పొగ నిబంధనలకైతే 21 ఏళ్ళు చాలు. అందుకే 1999 జనవరిలో పుట్టిన ఆర్34 కోసం అక్కడి అభిమానులు నెలలు లెక్కపెట్టుకుని, 2024 జనవరి రాగానే పండగ చేసుకున్నారు. ఉద్యోగాల్లో స్థిరపడ్డ మన తెలుగు పిల్లలకు కూడా ఆ దారి తెరిచే ఉంది. రెండు ఫారాలు నింపి, సుంకం కట్టి, రాష్ట్రంలో రిజిస్టరు చేయించుకుంటే సరి. బావగారి మిత్రుడు చేసింది పూర్తిగా చట్టబద్ధం.

అంటే అక్కడ 25 ఏళ్ళు నిండాలి. ఇక్కడ 3 ఏళ్ళు దాటకూడదు. అక్కడ దొరబాబులా దిగిన కారే ఇక్కడ దొంగసరుకు! ఒకే కారు, రెండు దేశాలు, రెండు జాతకాలు. డల్లాస్ బావ మాట నమ్మి ఏర్పేడులో అడ్వాన్సు ఇవ్వకూడదనేది ఇందుకే.

"సరే, మూడేళ్ళ లోపలిదే తెప్పించుకుంటే?" కుర్రాడు పట్టు వదల్లేదు.

తెప్పించుకోవచ్చు. అయితే లెక్క వినండి. ఓడ బాడుగ, బీమా కలిపి కారు మన రేవుకు 20 లక్షలకు చేరిందనుకుందాం. పాతకార్ల మీద మూలసుంకాన్ని 2013 బడ్జెట్లో 100 నుంచి 125 శాతానికి పెంచారు. పైన సర్‌చార్జీ కలిసి 137.5 శాతమైంది. 2025 బడ్జెట్లో సుంకం పేర్లూ పాళ్ళూ మార్చారు గానీ మొత్తం మాత్రం అంతే ఉంచారు. అంటే 27 లక్షల 50 వేలు. అసలుతో కలిపి 47 లక్షల 50 వేలు. దాని మీద పెద్దకార్ల జి.ఎస్.టి. 2025 సెప్టెంబరు నుంచి 40 శాతం, అంటే 19 లక్షలు. మొత్తం 66 లక్షల 50 వేలు! తనిఖీల ఖర్చు, ముంబాయి నుంచి లారీ బాడుగ, రోడ్డు టాక్సు ఇందులో కలపలేదు. బిల్లులో ధర తగ్గించి రాయిస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు. కస్టమ్స్ వాళ్ళు అంత అమాయకులు కాదు. బిల్లు మీద అనుమానమొస్తే కొత్తకారు ధర తీసుకుని, వయసుకు తగ్గ తరుగు తీసి, తామే విలువ కడతారు.

నాయన పంక్చరు వేస్తూనే ఈ లెక్కంతా విన్నాడు. "ఇరవైకి అరవై ఆరా? వడ్డీ వ్యాపారం కన్నా ఘోరంగా ఉండాదే!" అన్నాడు. నవ్వొచ్చింది గానీ, కొడుకు ముఖం చూసి ఆపుకున్నాను.

స్టార్లకు ఇవన్నీ వర్తించవనుకుంటారు చాలామంది. వర్తిస్తాయి బాబూ! 2003లో సచిన్ టెండూల్కర్‌కు ఫెరారీ కారు బహుమతిగా వచ్చింది. ప్రభుత్వం సుంకం మాఫీ చేసింది. దేశమంతా గగ్గోలు పుట్టి వ్యవహారం హైకోర్టుకెక్కింది. చివరకు బహుమతి ఇచ్చిన ఫియట్ కంపెనీయే కోటీ 13 లక్షలు కట్టింది. తమిళ హీరో విజయ్ 2012లో ఇంగ్లండు నుంచి రోల్స్‌రాయిస్ తెప్పించుకుని, రాష్ట్ర ప్రవేశపన్ను మీద మద్రాసు హైకోర్టుకు వెళ్ళారు. 2021 జులైలో సింగిల్ జడ్జి పిటిషను కొట్టేసి లక్ష రూపాయల జరిమానా వేశారు. పై బెంచి జరిమానాను ఆపింది. ఆయన మీద చేసిన ఘాటు వ్యాఖ్యలను 2022లో తొలగించింది. జరిమానా సంగతి ఎలా ఉన్నా, పన్ను సంగతి పన్నుదే!

మొన్న మొన్నటి ముచ్చట... 2025 సెప్టెంబరు 23న కేరళలో కస్టమ్స్ వాళ్ళు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' పేరుతో సోదాలు చేశారు. నుమ్‌ఖోర్ అంటే భూటాన్ భాషలో వాహనం. పాతకార్లను భూటాన్ దారిలో దొంగతనంగా తెచ్చి, నకిలీ కాగితాలతో రిజిస్టరు చేసి అమ్మారన్నది అభియోగం. సినిమా వాళ్ళ ఇళ్ళు కూడా ఆ సోదాల్లో ఉన్నాయి. సోదా జరిగినంత మాత్రాన తప్పు చేసినట్టు కాదు, తేల్చవలసింది చట్టమే. కానీ మనం గమనించవలసింది ఒకటుంది. కాగితాలు సరిగా లేని కారు ఎన్ని చేతులు మారినా, చివర్న ఎవరి గుమ్మంలో ఉంటే అక్కడే పట్టుకుపోతారు. 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం జప్తు సరుకుకు. తెలిసి కొన్నవాడికి జరిమానా వేరే!

నేను ఇలా చెబుతుంటే కుర్రాడు మెల్లగా నోరు విప్పాడు. "ఆయన కూడా నేపాల్ దారి అన్నాడన్నా. లేకుంటే ముక్కలుగా కోసి స్పేర్ పార్టుల పేరుతో తెచ్చి, ఇక్కడ అతికిస్తారంట..."

నాయన చేతిలో పని ఆగిపోయింది. "ముక్కలుగా కోసింది అతికిస్తే బండి అవుతుందిరా? గుంతలో పడితే మళ్ళీ ముక్కలే!"

తర్వాత ఆయన చెప్పిన మాట నేను రాసుకున్నాను. గోడకు ఆనించిన ఒక పాత టైరు తిప్పి, పక్కనున్న నాలుగంకెలు చూపించాడు. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. "పూత చూసి కొంటారు సామీ అందరూ. దీన్ని ఎవురూ చూడరు. అరగక పోయినా రబ్బరు ముసిలిదైపోతుంది."

ఎంత నిజం! 2013 నవంబరు 30న పాల్ వాకర్ కాలిఫోర్నియాలో కన్నుమూసింది సినిమా షూటింగులో కాదు. మిత్రుడు నడుపుతున్న పోర్షే స్పోర్ట్సు కారులో పక్కసీట్లో కూర్చుని పోతూ. మితిమీరిన వేగమే కారణమని దర్యాప్తులో తేలింది. ఆ కారు టైర్లకు తొమ్మిదేళ్ళ వయసని కూడా తేలింది. తెరమీద ఎన్ని మలుపులు తిరిగినా చెక్కుచెదరని హీరో, మామూలు రోడ్డు మీద ఒక్క మలుపులో పోయాడు. నలభై ఏళ్ళ వయసు.

ఇది విని నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీసుస్టేషను ముందు, ఇసుక తవ్వకాల మీద మొర పెట్టుకోవడానికి వచ్చిన మునగలపాళెం రైతుల మీదికి అదుపు తప్పిన లారీ దూసుకొచ్చింది. పదిమందికి పైగా పోయారు. "ఈ రోడ్డుకు వేగం కొత్త కాదు సామీ. ఆపడమే తెలియల్ల" అన్నాడాయన. అంతకంటే నేను చెప్పగలిగేది ఏముంది?

అయితే కుర్రాడి మోజు తప్పా? కాదు! నేనూ ఆ వయసులో పోస్టరు మీది మోటారు సైకిలు చూసి నిద్రపోని వాణ్ణే. మోజుకు రాజమార్గాలు కూడా ఉన్నాయి. నిస్సాన్ వారే 2016 డిసెంబరులో ఆర్35 జి.టి.ఆర్.ను మన దేశంలో అధికారికంగా అమ్మకానికి పెట్టారు, దాదాపు రెండు కోట్లకు. 2010లో మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ కూడా ఇలాగే వచ్చింది. పన్ను కట్టి, మన దేశంలో రిజిస్టరైన అలాంటి కారు ఎవరైనా అమ్మితే, కాగితాలు చూసుకుని కొనుక్కోవచ్చు. డబ్బు చాలదంటారా, యంత్రం మీద ప్రేమ ఉన్నవాడికి ఇంకో దారి ఉంది. ఏర్పేడు నుంచి శ్రీసిటీ ఎంత దూరం? జపాన్ ఇసుజు కంపెనీ 2016 నుంచి అక్కడ బండ్లు తయారుచేస్తోంది. జపాన్ బండిని ఓడలో తెప్పించుకోలేకపోయినా, జపాన్ బండిని తయారుచేసే చోటికి బస్సులో పోయి రావచ్చు!

అలాకాక, మీకే ఎవరైనా 'దిగుమతి కారు' అంటూ ఎదురుపడితే అడ్వాన్సుకు ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. తయారైన నెల, సంవత్సరం ఏది? జపాన్ వేలం చీటీ ఏది? కస్టమ్స్ వారి 'బిల్ ఆఫ్ ఎంట్రీ' ఎవరి పేరున ఉంది? దాని మీది ఛాసిస్ నంబరూ, కారు మీది నంబరూ, ఆర్.సి.లోని నంబరూ ఒకటేనా? నిజమైన వ్యాపారి సంతోషంగా చూపిస్తాడు. మిగతావాడు మాట మారుస్తాడు.

ఆ నాలుగూ కుర్రాడికి కాగితం మీద రాసిచ్చి సాయంత్రం బస్సుకు వచ్చేశాను. ఇయ్యొద్దని గట్టిగా చెప్పలేదు. చెబితే వినే వయసు కాదది, అడిగి తెలుసుకునే వయసు.

శుక్రవారం రాత్రి ఫోను చేశాడు.

"అన్నా, బిల్ ఆఫ్ ఎంట్రీ నకలు పంపమని అడిగినా. రేపు పంపిస్తా, ముందు డబ్బు వెయ్యి అన్నాడు. కాగితం చూసినాకే అన్నా. అప్పట్నుంచీ ఫోను ఎత్తడంలా."

"మరి చీటీ డబ్బు?"

"అమ్మకిచ్చేసినా. ఏమీ అనలేదన్నా... బీరువాలో పెట్టి, కూడు తిందురా అనింది."

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడే అడిగాడు, "అన్నా, మన దేశంలో యాభై ఏళ్ళు దాటితే వింటేజ్ కారు అంటారంట కదా, ఆ లెక్కన...?"

నిజమే. 2021లో వచ్చిన నిబంధనల్లో వింటేజ్ అంటే యాభై ఏళ్ళు దాటినదే. 1999 స్కైలైన్‌కు యాభై ఏళ్ళు నిండేది 2049లో. అప్పటికి చట్టాలెలా ఉంటాయో, పెట్రోలు ఉంటుందో లేదో గానీ, మన తమ్ముడు మాత్రం ఇప్పట్నుంచే వేళ్ళ మీద లెక్కపెడుతున్నాడు!

లెక్కపెట్టుకోనివ్వండి. లెక్కకు అడ్వాన్సు అక్కర్లేదు కదా.

వచ్చేవారం మరో కబురుతో కలుద్దాం. ఈలోగా మీరు తెరమీద చూసి మనసు పారేసుకున్న బండి ఏదో రాయండి. కారైనా, మోటారు సైకిలైనా, ఎడ్లబండైనా సరే!